పాతరలో దిగినవాడి మాట

నేను ఆర్మూర్‌లో రైతుల సరుకు కమీషను మీద అమ్మే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరిన రోజుల్లో పసుపును పాతరల్లో దాచేవారు. ఊరి వెనక నల్లరాళ్ళ గుట్ట దిగువన నీరు నిలవని మొరం నేల ఉండేది. అక్కడ రెండు నిలువుల లోతు గుంతలు తవ్వి, చుట్టూ ఎండుగడ్డి, చాపలు పరిచి, ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు నింపేవారు. పైన మూత వేసి మట్టితో మెత్తేవారు. ధర వచ్చిందని సేటుకు తోచినప్పుడు తెరిచేవారు.

తెరవగానే వచ్చేది పసుపు వాసన కాదు. ముఖానికి తగిలే ఒక వెచ్చటి ఆవిరి. నెలల తరబడి మూసుకుపోయిన ఆ గాలి మనిషిని చంపుతుంది. అందుకే పొద్దున్నే మూత తీసి వదిలేసి, ఎండ ఎక్కాక లాంతరు దించి చూసేవారు. దీపం నిలిస్తే నడుముకు తాడు కట్టుకుని ఒక మనిషి దిగేవాడు. అయినా భయం తీరేది కాదు. గంపలతో పసుపు తీసేకొద్దీ మనిషి ఇంకా లోపలికి పోతాడు, కొమ్ముల సందుల్లో చిక్కుకున్న గాలి అప్పుడు బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కనుక పాతర పనికి ఒక కట్టుబాటు ఉండేది. దిగినవాడు పైకి వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగితే పైన తాడు పట్టినవాడు ఇంకేమీ ఆలోచించకుండా లాగేయాలి.

మా బజారులో ఈ పని ఇద్దరే చేసేవారు. ఇద్దరూ చావూష్‌లు. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిలను మా వైపు అలా పిలిచేవాళ్ళం. కొలువు పోయాక కొందరు హైదరాబాదులో ఉండిపోయారు, కొందరు ఇలాంటి ఊళ్ళలో కావలి పనులకు కుదిరారు. వీళ్ళిద్దరి తండ్రులూ యెమెన్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. పెద్ద చావూష్‌ది ఎగువన కొండల ప్రాంతం. చిన్న చావూష్‌ది దిగువన కాఫీ తోటల వైపు. పెద్దాయన మా సేటు దుకాణానికి కావలి. చిన్నాయన ఎదురు సేటు దుకాణానికి. పాతరలు మాత్రం పక్కపక్కనే ఉండేవి, ఎవరి పాతర తెరిచినా ఇద్దరూ కావాల్సిందే. చిన్నాయన సన్నగా ఉంటాడు కనుక దిగేవాడు. పెద్దాయన నడుము తాడు పట్టేవాడు. గంపలను హమాలీలు వేరే తాడుతో చేదేవారు.

వాళ్ళు పని చేస్తుంటే హమాలీలు చుట్టూ చేరేవారు, మాటలు వినడానికి.

"ఏం రా ఛోటే, ఉన్నవా పోయినవా?" అని పైనుంచి పెద్దాయన అరిచేవాడు.

"నువ్వు పోయినంకనే పోత చిచ్చా. నీ కబర్ నేనే తవ్వాలె గద!"

"జర లోతుగ తవ్వు బిడ్డా. నీ లొల్లి నాకు గాడ వినపడొద్దు."

మధ్యాహ్నం మా దుకాణం వెనక అరుగు మీద ఇద్దరూ ఒకే చాప పరుచుకుని నమాజు చేసేవారు. చిన్నాయన చేతులు పొట్ట మీద కట్టుకునేవాడు. పెద్దాయన రెండు చేతులూ పక్కలకు వదిలేసి నిలబడేవాడు. ఇద్దరి మతశాఖలు వేరు, పద్ధతులు వేరు. "ఒకాయన చేతులు కట్టుకుంటడు, ఒకాయన ఇడిసిపెడ్తడు. పైన ఉన్నాయన ఇద్దరికీ ఒకటే జీతం ఇస్తడు" అని హమాలీల మేస్త్రీ అంటే వాళ్ళు కూడా నవ్వేవారు. అప్పటికి ఆ చేతుల సంగతి నవ్వుకునే సంగతే.

మా సేటు రేడియో కొన్నది ఆ రోజుల్లోనే. ఒక సాయంత్రం చిన్న చావూష్ దాని మర తిప్పుతుంటే అరబ్బీ వినిపించింది. నులక మంచం మీద కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మా అబ్బా గిట్లనే మాట్లాడుతుండె" అన్నాడు. అప్పటినుంచి దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ రేడియో ముందు చేరేవారు. విన్నదాన్ని సగం ఉర్దూలో, సగం తెలుగులో మాకు చెప్పేవారు.

1962లో వానాకాలం పోయే రోజుల్లో, యెమెన్‌లో సైన్యం తిరగబడి ఇమామును గద్దె దింపిందని వార్త వచ్చింది. ఇమాము అక్కడ రాజు. కొండల్లో ఉన్న, పెద్ద చావూష్ వాళ్ళ శాఖకు మతపెద్ద కూడా. అతను కొండల్లోకి పారిపోయి మనుషులను కూడగట్టుకున్నాడు. సిపాయిల ప్రభుత్వానికి ఈజిప్టు సైన్యాన్ని పంపింది. ఇమాముకు సౌదీ రాజు డబ్బు, తుపాకులు పంపాడు. ఈజిప్టు రేడియో ఒక మాట చెప్పేది, మక్కా రేడియో ఇంకో మాట చెప్పేది. ఆ రెండు దేశాలూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకోలేదు. చచ్చేవాళ్ళలో ఎక్కువమంది యెమెన్ వాళ్ళే. ఇది నాకు అప్పుడే అర్థమైందని చెప్పను. అప్పుడు నాకు తెలిసింది, మా దుకాణంలో రేడియో మర దగ్గర రెండు చేతులు తోసుకోవడం మొదలైందని మాత్రమే.

"రాజుల జమానా అయిపోయింది చిచ్చా. ఈడ నిజాం పోలే? గాడ ఇమాం పోయిండు" అన్నాడు చిన్నాయన ఒకరోజు.

"నిజాం పోతె మన నౌకరి పోయింది. గప్పుడు గూడ గిట్లనే నవ్వినవా?"

"గాయన నీకు పెద్దోడు. మాకు ఏం చేసిండు? పన్ను కట్టలేకనే మా నాయిన జహాజ్ ఎక్కిండు."

"మీ నాయిన పన్నుకు భయపడి ఎక్కిండో, మీ అమ్మకు భయపడి ఎక్కిండో!"

ఆ మాటకు అందరం నవ్వాం. చిన్నాయన కూడా నవ్వాడు, కాని కొంచెం ఆలస్యంగా.

బజారుకు ఇది వేడుకైపోయింది. యెమెన్ ఏ దిక్కున ఉందో తెలియని హమాలీలు రాజు పార్టీ, ఫౌజు పార్టీ అని రెండుగా చీలారు. బస్తాలు మోస్తూ ఒకరినొకరు రెచ్చగొట్టుకునేవారు. ఎదురు సేటు మా రేడియో కంటే పెద్దది తెప్పించి, "నీకు నచ్చిన స్టేషన్ పెట్టుకో, ఎవరు అడ్డమొస్తరో చూస్త" అని చిన్న చావూష్‌ను పిలిచి కుర్చీ వేశాడు. మా సేటు తక్కువ తినలేదు. పెద్ద చావూష్‌కు రోజూ సాయంత్రం చాయ్, సిగరెట్లు తెప్పించి, "ఏమంటున్నడు మీ ఇమాం? వదలొద్దు, వదలొద్దు" అనేవాడు. ఆ ఇద్దరు సేట్లకు వ్యాపారంలో పోటీయే తప్ప వేరే తగవు లేదు. ఆదివారం పూట కలిసి చదరంగం ఆడేవారు. సాయంత్రమైతే మాత్రం రోడ్డుకు ఈ పక్క ఒక రేడియో, ఆ పక్క ఒక రేడియో, రెండూ గొంతు పెంచి అరిచేవి. నాగపూర్ వెళ్ళే లారీలవాళ్ళు ఏం జరిగిందోనని బండి నిదానం చేసి చూసేవారు.

అరుగు మీద చాపలు రెండయ్యాయి. తర్వాత చిన్నాయన ఆ అరుగుకు రావడమే మానేశాడు. ఒకనాడు రోడ్డు అవతల నమాజుకు నిలబడి, చేతులు అందరికీ కనిపించేలా గట్టిగా కట్టుకున్నాడు. ఇవతల పెద్దాయన అది చూశాడు. ఆ రోజు ఎవరూ హాస్యమాడలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఈజిప్టు విమానాలు కొండల మీద బాంబులు వేశాయని, ఊళ్ళు కొన్ని సైన్యానికి చిక్కాయని వార్త వచ్చింది. రేడియో చదివిన పేర్లలో ఒకటి పెద్ద చావూష్ తండ్రి పుట్టిన ఊరు. ఆయన ఎన్నడూ చూడని ఊరు. ఆ పేరు విని ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అదే సమయానికి రోడ్డు అవతల కేకలు. ఎదురు సేటు జిలేబీలు తెప్పించాడు. చిన్న చావూష్ ఆకులో పెట్టుకుని బజారంతా పంచుతూ మా దుకాణం దాకా వచ్చాడు. ఏ ఊరి పేరు చదివారో అతనికీ తెలుసు.

"తీస్కో చిచ్చా. నోరు తీపి చేసుకో" అన్నాడు.

పెద్దాయన ఆకువైపు చూడలేదు. "మా నాయిన చెల్లె గా ఊర్లనే ఉన్నది. బతికి ఉంటె నా అంత కొడుకులుంటరు" అన్నాడు నెమ్మదిగా.

చిన్నాయన చేయి గాలిలోనే ఆగింది. అతను వెనక్కి తగ్గేవాడేమో. కాని వెనకనుంచి ఎవరో "తినిపియ్యి, తినిపియ్యి!" అని అరిచారు. అతను ఒక ముక్క తుంచి పెద్దాయన పెదవులకు తాకించాడు. పెద్దాయన తలపాగాతో నోరు తుడుచుకుని, మాతో అన్నాడు: "ఇగ నాకు ఆనితోని మాట లేదు."

ఆ వేసవిలో పసుపు ధర పెరిగింది. పాతరలు తెరవాలన్నారు. మాట లేని మనుషులతో పాతర పని వద్దని నేను సేటుతో అన్నాను. "మాట లేకపోతే ఏమాయె? చేతులున్నయి గదా" అన్నాడు. వేరేవాళ్ళెవరూ దిగడానికి ఒప్పుకోలేదు. చివరికి మేస్త్రీ మధ్యన నిలబడి ఒక ఏర్పాటు చేశాడు. లోపలివాడు గంప నిండినప్పుడల్లా నడుము తాడును ఒకసారి గుంజాలి. అంటే బాగున్నాడని. వరసగా గుంజితే పైకి లాగమని. ఇద్దరూ మేస్త్రీ వైపు చూస్తూ తలూపారు, ఒకరివైపు ఒకరు చూసుకోలేదు.

మొదటి పాతర అలాగే ఖాళీ అయింది. ఇబ్బంది ఏమీ కలగలేదు. కాని అంతకుముందు మాటలతో మోగిన గుంతలో ఇప్పుడు గంప రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. హమాలీలు కూడా మెల్లగా మాట్లాడేవారు, చావు ఇంట్లో లాగా.

రెండో పాతర మాది. లోతైనది. పొద్దున దీపం బాగానే నిలిచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి సగానికి పైగా తీశారు. గోతి అంచున నిలబడితే కిందివాడు కనబడడం లేదు.

"చిచ్చా, ఒక్కసారి పిలువు" అన్నాను.

"తాడు చెప్తది" అన్నాడు.

అంతలోనే తాడు గట్టిగా ఒకసారి గుంజుకుంది. "సూసినవా?" అన్నట్టు నావైపు చూసి, కిందికి జరుగుతున్నాడనుకుని ఆయన తాడు కొంచెం వదులు చేశాడు. హమాలీలు గంప కోసం చూశారు. గంప రాలేదు.

"గంప ఏదీ?" అన్నాడు మేస్త్రీ.

"ఇప్పుడే గుంజిండు. ఉన్నడు."

ఇంకా రాలేదు. గుట్ట మీద ఒక కొంగ అరిచింది. పెద్ద చావూష్ ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఆ గుంజు మనిషి గుంజింది కాదు, మనిషి పడిపోతే తాడు గుంజుకున్నది.

"ఛోటే!" అని అరిచాడు. "అరే ఛోటే, ఉన్నవా పోయినవా?"

బదులు లేదు. అందరం తాడు లాగాం. కదలలేదు. పక్కనున్న పసుపు కుప్ప జారి అతని కాళ్ళ మీద పడినట్టుంది. పెద్దాయన గంప తాడు చేతికి చుట్టుకున్నాడు. మేస్త్రీ ఆయన నడుము పట్టుకున్నాడు.

"లాంతరు దించుదాం, ఆగు చిచ్చా!"

"లాంతరుకు టైం లేదు. నా మాట ఇనుకుంట ఉండండి" అని జారాడు.

ఆయన మాట్లాడుతూనే దిగాడు. కింద కొమ్ములు తోస్తున్న చప్పుడు, మధ్యలో ఆయన గొంతు. "లే రా సైతాన్. జిలేబీ తినిపిస్తివి గద, గిప్పుడు లే. నీ ఫౌజు యాడికి పోయింది? ఏ విమానం వస్తది నీ కోసం? కాలు తియ్యి... కాలు..." ఆ గొంతు చిన్నదైంది. తర్వాత, "గుంజండి" అన్నాడు.

మేము గుంజాం. చిన్న చావూష్ పైకి వచ్చాడు, తల నుంచి కాళ్ళ దాకా పచ్చగా, తల వాల్చేసి. ఇద్దరు అతన్ని గాలికి పడుకోబెట్టి నీళ్ళు కొట్టారు. గంప తాడు లాగితే ఖాళీగా వచ్చింది. చిన్నాయన నడుము తాడు విప్పి మళ్ళీ గుంతలోకి వేశాం.

"చిచ్చా, పట్టుకో! చిచ్చా!"

ఈసారి మేమందరం పిలిచాం. వేపమండలు తాళ్ళకు కట్టి గాలి ఆడించి, తడిగుడ్డ చుట్టుకుని ఒక హమాలీ దిగేసరికి ఆలస్యమైపోయింది. చిన్న చావూష్‌కు అప్పటికి ఊపిరి అందింది. పాకుతూ గోతి అంచుకు వచ్చి తల లోపలికి వంచి పిలవడం మొదలుపెట్టాడు. మేము పక్కకు లాగినా ఆపలేదు. దేహం పైకి వచ్చాక కూడా గోతిలోకే పిలుస్తూ ఉన్నాడు.

కబరు అతనే తవ్వాడు. ఎవరినీ గడ్డపార ముట్టనివ్వలేదు. చాలా లోతుగా తవ్వుతుంటే పెద్దలు ఇక చాలన్నారు. నేను కబరస్తాన్ గోడ ఇవతల నిలబడ్డాను. చివరి నమాజులో అతను చేతులు కట్టుకున్నాడో, వదిలేశాడో నాకు తెలియదు. నాకు వీపు మాత్రమే కనిపించింది.

రోడ్డుకు రెండు పక్కలా రేడియోలు కొన్నాళ్ళు మోగలేదు. తర్వాత మోగాయి, పాటల కోసం. సేట్లిద్దరూ చదరంగం ఆడుతూనే ఉన్నారు.

చిన్న చావూష్ మళ్ళీ పాతరలో దిగలేదు. తాడు పట్టే పనికి వచ్చాడు. కొన్నేళ్ళ తర్వాత ఒక దసరా ముందు పాతర తెరిచిన రోజు, ఈజిప్టు సైన్యం యెమెన్ వదిలి పోతోందని, ఈజిప్టు అధ్యక్షుడు, సౌదీ రాజు ఒకచోట కూర్చుని ఒప్పందానికి వచ్చారని పేపర్లో పడింది. మేస్త్రీ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చావూష్! ఇన్నవా? గా ఇద్దరు దోస్తులైండ్రట!"

అతను తల ఎత్తలేదు. లోపల కొత్తగా కుదిరిన హమాలీ ఉన్నాడు. తాడు అతని రెండు చేతుల్లో ఉంది. చూపు గోతిలో ఉంది.

"మాట్లాడు" అన్నాడు లోపలికి.

"ఏం మాట్లాడాలె చావూష్? ఇందాకటి సంది మాట్లాడుతనే ఉన్న. అయిపోయినయి మాటలు."

"తిట్టు. నన్నే తిట్టు. ఆపకు."