నిమిషానికి ముప్పై లీటర్లు

ఖానాపూర్ దగ్గరి ఒక ఊళ్లో హనుమండ్లు పందొమ్మిదేళ్లుగా నీళ్ల ట్యాంకు ఆపరేటరు. మోటరు వేయడం, వాడవాడకూ వాల్వులు తిప్పడం అతని పని. స్తంభాల మీద నిలిచిన ఆ ట్యాంకు గోడ మీద వంద గీతల కొలపట్టీ, లోపలి నీటి మట్టం చూపే ముల్లు ఉన్నాయి. ఒక్కో గీతకు ఆరు వందల లీటర్లు.

ఫిబ్రవరి చివర్లో పక్క బడి లెక్కల టీచరు మమతారాణి గ్రాఫు కాగితం పట్టుకొని వచ్చింది. ఊరి ట్యాంకుతోనే పిల్లలకు పాఠం చెప్పాలని ఆమె కోరిక. అరగంటకోసారి ముల్లు చూసి చుక్క పెట్టింది. రెండున్నర గంటల్లో అరవై వేల లీటర్లు నిండాయి. చుక్కలు కలిపితే గీత తిన్నగా పైకి పోయింది.

"నిమిషానికి నాలుగు వందల లీటర్లు. ఇగ మోటరు ఆపు, హనుమండ్లన్నా. గీత ఇప్పుడు అడ్డంగ రావాలె."

గంట తర్వాత చూస్తే ముల్లు మూడు గీతలు దిగి ఉంది.

"వాల్వులన్నీ బందు వెట్టిన మేడం. చుక్క గూడ పోదు."

"మరి నిమిషానికి ముప్పై లీటర్లు ఎటు వోతున్నయన్నా?"

నిమిషానికి రెండు బిందెలు! హనుమండ్లు ట్యాంకు చుట్టూ తిరిగాడు. అంతటా గడ్డి ఎండింది, బడి వైపు స్తంభం మొదట్లో మాత్రం పచ్చగా ఉంది. గడ్డపార గుచ్చితే ఏ అడ్డూ తగలకుండా పిడికిలి దాకా దిగిపోయింది.

ఆ నీడలోనే పిల్లలు రోజూ మధ్యాహ్నం అన్నం తింటారు.

"పిల్లల్ని ఇటు రానియ్యకు మేడం!" అని అరిచి, బరువు తగ్గాలని ట్యాంకు నీళ్లన్నీ మోరీలోకి వదిలేశాడు. సర్పంచి కైలాసం పరుగెత్తుకొచ్చాడు.

"ఎండకాలం ముందర నీళ్లు పారవోస్తున్నవు, పిచ్చి లేసిందా?"

హనుమండ్లు స్తంభం వైపు వేలు చూపించాడు.

మర్నాడు ఇంజనీర్లు తవ్వించారు. పైపు పగిలి, పునాది కింది మట్టి కొట్టుకుపోయి, ఇద్దరు మనుషులు కూర్చునేంత బొయ్యారం లాంటి గుంత కనిపించింది.

మూడు నెలలు ఊరు ట్యాంకర్ల నీళ్లు తాగింది. కొత్త పునాది పోసిన రోజు అందరూ వచ్చారు, హనుమండ్లు తప్ప. పిలవడానికి వెళ్లిన మమతారాణితో అతని భార్య లస్మవ్వ మెల్లగా చెప్పింది: "పిల్లలు అన్నం తినే కాడి గా గుంత మల్ల సూడలేనంటుండు, బిడ్డా."