ఎదురుకాళ్ళ కోడలు

మా ఆయన పాండురంగారావు గారికి నడుంనొప్పి మొదలై అప్పటికి నాలుగేళ్ళు. నడుం దగ్గర పుట్టి ఎడమ మడమ దాకా కరెంటు షాకులా లాగేసేది. విజయవాడ డాక్టరు వెన్నుపూసల మధ్య నరం ఇరుక్కుందన్నాడు. వంగొద్దు, బరువులెత్తొద్దు, చెక్కబల్ల మీద పడుకోమన్నాడు. ఈయన పడుకుంటేగా! కూర్చుంటే లేవలేక గోడకానుకుని నిలబడే అన్నం తినేవారు. "గుర్రం నిలబడే నిద్రపోతుంది, నేను నిలబడి తినలేనా?" అనేవారు. నొప్పి నడుముకే గానీ నోటికి రాలేదు.

మాది నూజివీడులో మామిడి వ్యాపారం. అంతకు ముందేడు కోతలకి ఆగిరిపల్లి తోట మొహమే చూడలేదు. మోపెడ్ ఎక్కితే గతుకు గతుక్కీ ప్రాణం పోయేది. ఎనభై అయిదో సంవత్సరం కోతలకి కూడా వెళ్ళలేకపోతే తోటలు గుత్తకి పట్టడం మానేస్తానన్నారు. ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు.

అప్పుడే కొత్త కోడలు కల్యాణి కాపురానికొచ్చింది. అడిగితే గానీ నోరు విప్పదు. చూడ్డానికొచ్చిన వాళ్ళమ్మ మాటల్లో, "మా పిల్ల ఎదురుకాళ్ళతో పుట్టిందండీ వదినగారూ" అనేసింది. అలా తలకి బదులు కాళ్ళు ముందొచ్చి పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదుల్తుందని మా వైపు నమ్మకం. ఇంకేముంది, ఈయన అరుగు మీద బోర్లా పడుకున్నారు.

"తన్నమ్మా."

"పెద్దవారికి కాలు తగలకూడదు మావయ్యగారూ," అంటూ ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పాపమంతా నాదే. నువ్వు తన్ను."

పట్టీలు తీసి, దణ్ణం పెట్టుకుని, నడుం మీద మూడుసార్లు కాలు ఆనించింది. ఈయన లేచి, తగ్గిపోయిందని వీధంతా వినబడేలా చెప్పారు. పళ్ళు బిగించిన తీరు చూస్తే నాకు తెలియదూ?

మర్నాడు పొద్దున్నే మా తోటలో కాయలు కోసే సవరయ్య నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఇంకో నలుగురు.

"మాక్కూడా ఓ తన్ను తన్నండి కోడలమ్మగారూ."

లోపలికి పారిపోతుందనుకున్నాను. బయటికొచ్చింది.

"మావయ్యగారికి తగ్గలేదు సవరయ్యా. నేను ఏడుస్తున్నానని తగ్గిందన్నారు." ఆయన వైపు తిరిగింది. "ఇక డాక్టరు చెప్పినట్టు బల్ల మీద పడుకోండి. పడుకుంటేనే తోట."

ఈయన తెల్లబోయారు. "నీ మాటకంటే నీ తన్నే నయమమ్మా," అంటూ వెళ్ళి పడుకున్నారు. పాతికేళ్ళుగా నేను మొత్తుకున్నా ఒక్క మాట వినని మనిషి! ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది.

కోతల నాటికి నొప్పి సగానికి దిగింది. ఎద్దుబండిలో వరిగడ్డి పరిచి, పైన బల్ల వేసి, ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి తోటకి బయల్దేరాం. దారిలో ఎవరో పెద్దమనిషి శవమనుకుని చెప్పులు విడిచాడు. ఈయన తలెత్తి, "ఇంకా లేదండీ, కాయ కోతకెళ్తున్నాను" అన్నారు. నేను నెత్తి కొట్టుకున్నాను.

తోటలో మెల్లగా దిగి, కాయలతో వంగిన కొమ్మ పట్టుకుని నిలబడ్డారు. ఎడమ కాలు వణుకుతోంది. కళ్ళు చెమర్చాయి.

"నొప్పుందా మావయ్యగారూ?" అంది కల్యాణి.

"ఉందమ్మా. అదెక్కడికీ పోదు. నేనూ ఎక్కడికీ పోను," అన్నారు. "సవరయ్యా, చిక్కం గెడ అందుకో. పై కొమ్మనుంచి మొదలెట్టు."