గ్రాముల బాబాయి

గ్రాముల బాబాయిది ఒకటే పిచ్చి: విమానంలో ఒక్క గ్రాము కూడా దండగగా గాల్లోకి లేవకూడదు. విమానాలు గీసే ఆ ఆఫీసులో బరువులు చూసే ఇంజనీరు ఆయన. జేబులో చిన్న త్రాసు లేకుండా కాఫీకి కూడా కదలడు. రంగు రెండు పూతలంటే ఒకటి చాలనేవాడు. విమానాన్ని పరీక్షించే పైలట్‌ని "అంత మీసం అవసరమా?" అని అడిగాడట. పైలట్ ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు.

అందరికంటే ఎక్కువ మండిపోయింది తలుపుల ఇంజనీరమ్మ. రోగుల్ని మోసుకెళ్లే కొత్త విమానానికి ఆమె గీసిన తలుపు పిడిని ఆయన నాలుగోసారి తిప్పి పంపాడు.

"పదకొండు గ్రాములు ఎక్కువుందమ్మాయ్."

"సార్, అది తలుపు పిడి. దువ్వెన కాదు! చేతిలోకి ఊడొస్తే?"

"ఊడొచ్చేలా చెయ్యమన్నానా? గట్టిగానే ఉండాలి, తేలిగ్గానూ ఉండాలి."

"అయితే మీరే గీయండి!"

"నాకు తూచడమే వచ్చు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. డిజైన్ ఖాయం చేసే మీటింగులో అందరి ముందూ లేచి నిలబడింది.

"పదకొండు నెలలుగా ఈయన మా ప్రాణాలు తోడేస్తున్నారు సార్! విమానం బరువు ఎప్పుడో హద్దులోకి వచ్చేసింది. ఇంకా మిగిల్చి ఏం చేసుకుంటారట?"

చీఫ్ ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. "మిగిలిందా? ఎంత?"

బాబాయి దొరికిపోయిన దొంగలా తల గోక్కున్నాడు. "డెబ్బై కిలోలు సార్. స్ట్రెచర్ పక్కన మడత కుర్చీ ఒకటి వేయిద్దామని. కుర్చీ పది, కూర్చునే మనిషి అరవై."

"డాక్టరుకీ నర్సుకీ సీట్లున్నాయిగా?"

"అమ్మకి లేదు సార్!" ఎన్నడూ లేనిది ఆయన గొంతు లేచింది. "జబ్బు పడ్డ బిడ్డని పైకి తీసుకుపోతూ, నీకు చోటు లేదు, నువ్వు కిందే ఉండమ్మా అనడానికి మనకి నోరెలా వస్తుంది?"

చీఫ్ 'మడత కుర్చీ' అని కాగితం మీద రాసుకున్నాడు. ఇంజనీరమ్మ కోపం మాత్రం దిగలేదు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే అందరూ అయ్యో అంటారు. అయ్యో అంటే గ్రాము తగ్గదమ్మా."

"బాగానే ఉంది! అయినా అరవై కిలోల తల్లులు ఎక్కడున్నారండీ? నేను డెబ్బై రెండు!"

బాబాయి మొహం పాలిపోయింది. "అమ్మో, ఇంకా పన్నెండు కిలోలు తగ్గించాలే!"

ఇంజనీరమ్మ చొక్కా చేతులు పైకి మడిచి, మూలన నిశ్చింతగా టీ తాగుతున్న కార్పెట్ల ఇంజనీరు మీదికి తిరిగింది.

"ఏమండీ, స్ట్రెచర్ కింద కూడా కార్పెట్ ఏమిటండీ? అక్కడ ఎవరు నడుస్తారని?"