క్యాప్ ల్యాంప్ బ్యాండ్ మళ్లీ వాయించిన ఆదివారం

ఉదయం ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ వైపు వెళ్లే బండి ఎక్కాను. జనరల్ టికెట్టు. ఆదివారం కదా, నిలబడే వెళ్లాలనుకున్నాను గానీ కిటికీ పక్కనే చోటు దొరికింది. గోదావరిఖనికి వెళ్లి అప్పటికి ఏడేళ్లు. నేను పుట్టి పెరిగిన ఊరే. మా నాన్న అక్కడి బొగ్గుబాయి స్టోర్స్‌లో గుమాస్తాగా పనిచేశారు. అయినా ఏడేళ్లు వెళ్లలేదంటే కారణం ఒక వ్యాసం. అది రాసింది నేనే.

మా చిన్నప్పుడు ఖనిలో ఒక రాక్ బ్యాండ్ ఉండేది. బాయిలోకి దిగే కార్మికులు నెత్తిన పెట్టుకునే దీపాన్ని క్యాప్ ల్యాంప్ అంటారు. బ్యాండ్‌కు ఆ పేరే పెట్టుకున్నారు. పాడేది సాంబన్న, గిటారు వాయించేది వర్క్‌షాపులో ఫిట్టర్ ఖాజా భాయ్, డ్రమ్స్ మొండన్న. మొండన్న బాయిలో డ్రిల్లర్. ముగ్గురూ షిఫ్టు దిగి స్నానం చేసి, కళ్ల చుట్టూ నల్లటి గీతలు పోకుండానే స్టేజీ ఎక్కేవాళ్లు. కొత్తగూడెం నుంచి కూడా జనం లారీలెక్కి వచ్చేవారు. మొండన్న మొదటి దెబ్బ కొడితే కమ్యూనిటీ హాలు కిటికీలు అదిరేవి.

నేను హైదరాబాద్ వెళ్లి ఒక చిన్న మాసపత్రికలో చేరాక, ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు వాళ్ల ప్రోగ్రాం మళ్లీ విన్నాను. పాటలన్నీ నీరసంగా సాగాయి. సాంబన్న సగంసేపు జనానికి వీపు పెట్టి పాడాడు. నేను వెళ్లి ‘ఆరిపోయిన దీపం’ అని రాశాను. ‘తన పాటకు తానే సిగ్గుపడుతున్నట్టు గాయకుడు మొహం తిప్పుకున్నాడు’ అన్న వాక్యం రాసినప్పుడు నాకు చాలా బాగా కుదిరిందనిపించింది. ఆ తర్వాత వాళ్లు స్టేజీ ఎక్కలేదని తెలిసింది.

ఆ ముందటి బుధవారం ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. “సీనూ, మొండన్న రిటైర్ అయితుండు. ఆదివారం నాలుగింటికి హాల్ల వాయిస్తున్నం. నువ్వు రావాలె.” అంతే అన్నాడు. వ్యాసం మాట ఎత్తలేదు.

కాజీపేట దాటాక ఎదురు సీట్లో రామకృష్ణాపూర్ వెళ్లే దంపతులు టిఫిన్ విప్పి నాకూ ఒక రొట్టె ఇచ్చారు. పెద్దాయన బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. పాటల ప్రోగ్రాంకు వెళ్తున్నానంటే, “ధూంధామా?” అని అడిగాడు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు, పాటంటే అందరికీ అదే గుర్తొచ్చేది. కాదు, క్యాప్ ల్యాంప్ బ్యాండ్ అన్నాను.

“ఓరి, ఇంక ఉన్నరా వాళ్లు? మా తమ్ముని పెండ్లిల వాయించిన్రు. తర్వాత చప్పగైన్రని ఏదో పేపర్ల రాసిండ్రు కదా.”

ఆయన భార్య వెంటనే, “రాసెటోనికేం తెల్సు? వాడు బాయి దిగిండా, సచ్చిండా?” అంది.

నేను రొట్టె నములుతూ కిటికీ బయటికి చూశాను. జమ్మికుంటలో వాళ్లకు పల్లీలు కొనిపెట్టాను. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

పన్నెండుంబావుకు రామగుండంలో దిగాను. స్టేషన్ బయట ఖని చౌరస్తాకు షేర్ ఆటోలు వరసగా ఉంటాయి. నాకు వాటి అవసరం పడలేదు. ఖాజా భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. మూతబడ్డ ఎరువుల ఫ్యాక్టరీ దాటాక ఒక హోటల్ ముందు ఆపి రెండు చాయ్‌లు చెప్పాడు.

“మొండన్న క్వార్టర్‌కు పోయేముందు నీకొక మాట చెప్పాలె,” అన్నాడు. “నువ్వొచ్చిన ఆ ప్రోగ్రాం యాదికున్నదా? అప్పటికే మొండన్నకు చెవులు పోయినయి. డ్రిల్ మిషన్ మీద ఇరవై ఏండ్లు. కంపెనీ ఆయన్ని పైన దీపాలిచ్చే ల్యాంప్ రూంల ఏసింది. మాట కొంచెం వినపడేది, పాట వినపడేది కాదు. మేం ఆయనతోని ఏం అనలే. ఆయన దెబ్బ ఎటువోతె అటు పోదామని పాటలన్నీ నెమ్మది చేసినం. సాంబన్న పెదవులు చూసి మొండన్న తాళం పట్టుకునేటోడు. అందుకే సాంబన్న మొకం అటు తిప్పి పాడిండు.”

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

“నాకెందుకు చెప్పలేదు భాయ్?”

“చెప్తె నువ్వు అదే రాస్తవు కదా. మొండన్న చదువుతడు. నీ పేపర్ చదివి, ‘నా మూలానే గిట్లైందా’ అని అడిగిండు. సాంబన్న అప్పటికప్పుడు, ‘కాదే, నా గొంతు పోయింది, ఇంక నేను పాడ’ అన్నడు. ఏడేండ్లు నోరు తెరవలే. గొంతుకేం కాలేదు ఆయనకు.”

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఖాజా భాయ్ ఖాళీ గ్లాసులు లోపలిచ్చి వచ్చి, “జల్ది కూసో, వదిన అన్నం పెట్టుకొని చూస్తుంటది,” అన్నాడు.

మొండన్న క్వార్టర్ రెండు గదులది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఆయన భార్య రాజక్క బగార అన్నం, కోడికూర వడ్డించింది. సాంబన్న ముందే వచ్చి గోడకానుకొని కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చొని, “అన్నా, నేను రాసింది తప్పు,” అన్నాను. ఎన్నోసార్లు అనుకున్న మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది.

“నువ్వు ఇన్నదే రాసినవు తమ్మీ. మేం చెప్పలే, నీకెట్ల తెలుస్తది? అన్నం తిను,” అన్నాడు సాంబన్న.

తిన్నాక చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. మొండన్న చెంబుతో నీళ్లు పోశాడు. మనిషి సన్నబడ్డాడు గానీ మణికట్లు అవే. నా నోటివైపు చూస్తూ, కాస్త గట్టిగా మాట్లాడాడు.

“ఖాజా నీకు చెప్పిండు కదా? నీ మొకం చూస్తెనే తెలుస్తున్నది.”

నేను తలూపాను.

“నాకు అప్పుడే తెల్సు సీనూ. తాళమేసే సాంబడి కాలు చూసిన. మునుపు ఉరికే కాలు నడుస్తున్నది. నా కోసం ఆగుతున్నరని సమజైంది. చెప్తె వాళ్లు బాధపడ్తరని తెల్వనట్లే ఉన్న. పాట బంద్ చేసిన్రు, ఇంక అసలే చెప్పరాలే.” చెంబు కింద పెట్టాడు. “ఇయ్యాల నా కోసం ఆగొద్దని చెప్పు వాళ్లకు. నేనంటె ఇనరు. నువ్వు చెప్తె ఇంటరు. తప్పితె తప్పనియ్, నేను అందుకుంట.”

హాలుకు నడిచే దారిలో ఆ మాట ఇద్దరికీ చెప్పాను. రోడ్డు మధ్యలో సాంబన్న ఆగిపోయాడు. ఖాజా భాయ్ వైపు చూశాడు. ఖాజా భాయ్ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. “ఆయనకు తెలుస్తదని ఏడేండ్లు ఫికర్ చేసినం కదరా,” అన్నాడు సాంబన్న. మళ్లీ నడక మొదలుపెట్టాడు.

నాలుగింటికి హాలు సగం నిండింది. దండలు, శాలువాలు, నాయకుల ప్రసంగాలు అయ్యేసరికి ఐదు. మొండన్న మెడలో దండలు తీసి భార్య చేతికిచ్చి, చెప్పులు విడిచి, చెక్క స్టేజీ మీద ఉత్తి కాళ్లతో డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. గిటారు మోత చెక్కలోంచి పాదాలకు తెలుస్తుందట.

మొదటి పాట, ఉదయం షిఫ్టు సైరన్ మీద వాళ్లే కట్టుకున్నది, పాత వేగంతోనే ఎత్తుకున్నారు. సాంబన్న జనంవైపు తిరిగి పాడాడు. రెండో చరణం దగ్గర డ్రమ్స్ ఒకవైపు, గిటారు ఒకవైపు పోయాయి. వెనక కుర్రాళ్లు నవ్వారు. పాట ఆగిపోయింది. ఏడేళ్ల తర్వాత ఈ ముగ్గురినీ మళ్లీ నేనే అందరి ముందూ నవ్వులపాలు చేశానా అనిపించింది.

మొండన్న పుల్లలు పైకెత్తి, “ఆగున్రి! నేను షురూ చేస్త, మీరు నా వెనక రాండ్రి,” అని అరిచాడు. హాలంతా వినపడింది.

కొట్టాడు. అది పాత వేగం కాదు, నేను వెక్కిరించిన ఆ నీరసమూ కాదు. బరువుగా, తూగుతూ, ఎక్కడ పడాలో తెలిసిన దెబ్బ. ఖాజా భాయ్ దాని మీదికి గిటారును మెల్లగా దించాడు. సాంబన్న గొంతు పైస్థాయిలో పగిలింది, ఆయన ఆపలేదు. అదే పాట మొదటినుంచి చివరిదాకా పాడారు. పక్క వరసలో నైట్ డ్యూటీకి వెళ్లాల్సిన ఒకాయన లేచి నిలబడ్డాడు, తర్వాత ఇంకొందరు. రాజక్క దండలు ఒళ్లో పెట్టుకొని ఏడుస్తూ నవ్వుతోంది. ఇంకో రెండు పాటలయ్యాక సాంబన్న దగ్గి, “ఇగ చాలు, పానం పోతది,” అన్నాడు. చప్పట్ల చప్పుడు మొండన్న వినలేదు. చేతులు చూశాడు, ఎన్ని ఉన్నాయో.

రాత్రి చౌరస్తా దగ్గర లాడ్జిలో ఉన్నాను. గది మామూలుది, వేడినీళ్లు అడిగితే ఇస్తారు. సోమవారం పొద్దున ఏడున్నరకు స్టేషన్ చేరి తిరుగు బండి ఎక్కాను. ఆ బ్యాండులో పస తగ్గిందా అని ఎవరైనా అడిగితే తగ్గిందనే చెప్పాలి. కిటికీలు అదరలేదు. నా చిన్నప్పటి ఆ హోరు ఇక రాదు. కానీ నిన్న సాయంత్రం విన్న పాట ఆ ముగ్గురూ ముప్ఫై ఏళ్ల వయసులో వాయించలేకపోయేవారు. వినడానికి నాకూ అప్పట్లో చేతనయ్యేది కాదు.

పెద్దపల్లి దాటుతుండగా రాజక్క ఫోన్.

“మంచిగ కూసున్నవా సీనూ? ఈయనకు డ్యూటీ లేదు కదా, పొద్దుగాల ఏడింటికే ఇద్దర్ని పిలిచి షురూ పెట్టిండు. పక్క క్వార్టరోళ్లు కొట్లాటకొస్తున్నరు. ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు!” అంటూ ఫోన్‌ను గదివైపు పెట్టినట్టుంది. డ్రమ్స్ దెబ్బ, వెనకాల గిటారు, మధ్యలో సాంబన్న ఎవరినో తిట్టడం. సిగ్నల్ పోయేదాకా ఫోన్ చెవికి ఆనించుకొనే కూర్చున్నాను.