పిన్నికి తట్టని చప్పుడు

మా పిన్ని బట్టలు కుడుతుంది. పెళ్లికి ముందు ఒక రాక్ బృందంలో రేకులు, గొలుసులు వాయించేది. జనం చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయేవారట. అప్పట్లో ఆ బృందం తెచ్చిన క్యాసెట్ వింటూ పెరిగిన కుర్రాళ్లు కొందరు, ఈ సాయంత్రం తమతో కలిసి వాయించమని పిన్నిని పిలిచారు. పొద్దుటి నుంచి ఆవిడకు కాలు నిలవడం లేదు. ఒక చొక్కాకి జేబు వీపు మీద కుట్టేసింది.

"వెళ్తావా, ఊరందరికీ వీపున జేబులు పెడతావా?" అన్నాడు బాబాయి.

"నన్నే కాపీ కొడుతుంటే వెళ్లను. వాళ్ల పాట పెట్టవే."

ఫోన్లో పెట్టాను. మొదట అంతా పిన్ని వాయింపే. ఆవిడ మొహం చిట్లించింది. మధ్యలో రేకుల మోత ఆగిపోయి, గొట్టంతో నీళ్లలోకి గాలి ఊదుతున్న బుడబుడ మొదలైంది.

"ఇది మాకు తట్టలేదే," అంటూ పిన్ని లేచి చెప్పులు వేసుకుంది.