చింతపండుతో తోమిన ఇనుము

"ఏమే, ఆ పెట్టె ఇయ్యాలన్నా దొరసానమ్మకి ఇచ్చిరా."

"నాకు మొహం చెల్లదు. నువ్వే ఇచ్చుకోపో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నాపరాయి గనికి వెళ్లిపోయాడు. నేను పొయ్యి ముందు నుంచి తల కూడా ఎత్తలేదు.

ఆయన గురజాలలో బండ్లు చేసే వడ్రంగి. చచ్చిపోయాక ఊరు ఆయనకు ఒక పేరు పెట్టింది, ఇనుమును చింతపండుతో తోమిన వడ్రంగి అని. ఆ పేరు తప్పు. అది చెప్పడానికే మా చెల్లెలి మనవరాలిని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో చెక్క చెక్కే బాడిస జారి ఆయన కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. ఆ తర్వాత బండి పని ఎవరూ చెప్పలేదు. మేం ప్రార్థనకు వెళ్లే చోటే మిషను బడి ఉండేది. అందులో చేతిపనులు నేర్పే మేష్టరు కావాలని, గుంటూరు నుంచి పెద్దదొర వచ్చి చూసి పెట్టుకుంటాడని ఆ బడి నడిపే దొరసాని చెప్పింది. ఒక రేకు పెట్టె చేతిలో పెట్టింది. వాళ్ల దేశంలో పిల్లల ఆటవస్తువట. పచ్చరంగు వేసిన చిల్లుల ఇనప పట్టీలు, ఇత్తడి పళ్లచక్రాలు, పెసరగింజంత నట్లు, వాటికి తగ్గ మరమేకులు, ఒక బొమ్మల కాయితం. బొమ్మలో ఉన్న బరువులెత్తే యంత్రం చేసి చూపిస్తే, వేళ్లు పోయినా ఆ చెయ్యి పనికొస్తుందని పెద్దదొర నమ్ముతాడంది.

పిల్లల ఆటే కదా అని నవ్వుకున్నాం. ఆ నవ్వు ఒక్క పూట నిలిచింది.

కాయితం మీది రాత ఇంగ్లీషు. ఆయన తెలుగే కూడబలుక్కుని చదవాలి. బొమ్మ ఒక పక్క నుంచే ఉంది. వెనక ఏ పట్టీ ఎక్కడ కూర్చుందో ఎవరికి తెలుసు? మిగిలిన మూడు వేళ్లతో నట్టు పట్టుకుంటే జారి, అలికిన నేల నెర్రెల్లో దూరేది. నేను ఇల్లు ఊడ్చి ఆ మట్టిని చేటలో పోసి చెరిగేదాన్ని.

"దొరికిందా ఏమే?"

"నూకలు దొరికినై. వండమంటావా?"

ఆయన నవ్వలేదు. "చెక్కయితే కాస్త చిత్రిక పడితే దారికొచ్చిద్ది. ఈ ముండ ఇనుము మాట వినదేందే!"

నాలుగు రోజులు బిగించాక తెలిసింది, పిడి ఉన్న కడ్డీని అన్నిటికన్నా ముందు దూర్చాలని. బిగించిందంతా విప్పాడు. మళ్లీ మొదటి పట్టీ అందుకున్నాడు.

పదో రోజున యంత్రం నిలబడింది. పిడి తిప్పితే దారం చుట్టుకుని కొక్కెం పైకి లేచింది. దానికి ఎండుమిరపకాయ కట్టి ఎత్తాడు. తర్వాత ఇంట్లో ఉన్న ఉల్లిపాయలన్నీ ఒక్కొక్కటే ఎత్తాడు. నన్ను కూడా తిప్పమన్నాడు.

ఎల్లుండి పెద్దదొర వస్తాడనగా ఆయన బట్టలు ఉతుక్కోవడానికి వాగుకు వెళ్లాడు. ఇత్తడి చక్రాలు చేతుల చెమటకు నల్లబడ్డాయి. దొర ముందు పెట్టే వస్తువు అలా ఉంటుందా? యంత్రాన్ని ఉన్నదున్నట్టు బేసినులో దించి, చింతపండు, బూడిద వేసి, పీచుతో సందుసందునా తోమి ఎండలో పెట్టాను. ఇనప పెనం తడిగా వదిలితే తుప్పు పడుతుందని నాకు తెలియక కాదు. రంగు వేసిన ఇనుముకు ఏమీ కాదనుకున్నాను. ఇత్తడి బంగారంలా మెరిసింది. తెల్లారేసరికి, రంగు లేచిన ప్రతి చోటా, మరమేకుల్లోనూ, కడ్డీ మీదా ఎర్రగా తుప్పు. పిడి తిరగలేదు.

"ఎవరు కడిగారే?"

"నేనే. మెరిసిద్దని..."

చెయ్యి ఎత్తలేదు. తిట్టనూ లేదు. తుప్పు వదిలించడానికి, యుద్ధం మూలాన కిరసనాయిలు దొరకని రోజులు. ఆముదం పోశాడు. పట్టకారుతో తిప్పితే మరమేకుల తలలు ఊడి వచ్చాయి.

బడి వసారాలో పెద్దదొర పిడి పట్టి తిప్పాడు. కదల్లేదు. ఇంత తుప్పు ఎలా పట్టిందని దొరసాని అడిగింది.

"నేనే చింతపండేసి కడిగానమ్మా. బుద్ధి తక్కువై."

నేను స్తంభం పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అబద్ధం. నలుగురూ నవ్వుతారని సిగ్గుపడి ఊరుకున్నాను. మేష్టరు పని ఇంకొకరికి ఇచ్చారు.

తర్వాత ఆయనకు గని తప్ప మరో దారి లేకపోయింది. పెట్టె తిరిగి ఇవ్వాలని రోజూ అనేవాడు, రోజూ నేను కసిరేదాన్ని. ఆ మధ్యాహ్నం నాపరాయి పలక ఎత్తుతుంటే పట్టు జారి రొమ్ము మీద పడిందట. మంచం మీద మోసుకొచ్చేసరికే ప్రాణం లేదు.

సమాధి దగ్గర దొరసాని నా చెయ్యి పట్టుకుని, "పాపం, అతను అది కడగకుండా ఉంటే పని వచ్చేది" అంది. నేను తల ఊపాను. అక్కడున్న వాళ్లంతా విన్నారు. పేరు అప్పుడు పుట్టింది. ఆయన ఏ ఇనుమునూ నీళ్లలో ముంచలేదు. ముంచింది నేను, ఊరుకుంది నేను, తల ఊపింది నేను.

రాశావా అమ్మాయ్? నామీద జాలిపడి ఎక్కడైనా మెత్తగా రాశావేమో చూడాలి. మొదటి నుంచి చదువు.