రెండు గిన్నెల బఠాణీలు

మా మేనత్తను మార్కెట్లో అందరూ ‘నవనవ’ అంటారు. పొద్దున్నే బుట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ “నవనవలాడుతున్నాయి, రండి!” అని ఆవిడ కేక వేస్తే వీధి చివరివాళ్ళకు కూడా వినిపిస్తుంది. ఆవిడ పక్కనే నా ఉల్లిపాయల కొట్టు. ఇన్నేళ్ళుగా ఆవిడ చేతుల్ని చూస్తున్నాను, ఇప్పటికీ నోరు తెరుచుకునే చూస్తాను. చిక్కుడుకాయను చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. ఆ చప్పుడు విని అది ఎప్పుడు కోసిందో చెప్పేస్తుంది. వంకాయనైతే చూడను కూడా చూడదు, తొడిమ కింద బొటనవేలు పెడుతుంది, అంతే. లోపల పురుగుంటే పక్కన పడేస్తుంది. ఓసారి అనుమానం వచ్చి, ఆవిడ పక్కన పడేసినవన్నీ కోసి చూశాను. ప్రతిదాంట్లోనూ పురుగుంది. ఆ తరవాత ఆవిడతో వాదించడం మానేశాను.

వాదించేది ఒక్కర్తే, ఆవిడ కూతురు. నాకు వదిన అవుతుంది. కూరగాయల్ని గడ్డకట్టించి సంచుల్లో నింపే ఫ్యాక్టరీలో వదినకు ఉద్యోగం. తల్లికి ఇంతకు మించిన తలవంపు లేదు. “నేను బతికున్నవి అమ్ముతాను, నా కూతురు శవాలకు కాపలా కాస్తుంది” అని కొనడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ ఉద్యోగం మానేదాకా కూతురి ఇంట్లో మెతుకు ముట్టనని మొండికేసింది కూడా.

వదిన ఒకసారి నన్ను ఆ ఫ్యాక్టరీ లోపలికి తీసుకెళ్ళింది. ఎగతాళి చేద్దామనే వెళ్ళాను. ఆ పొద్దున కోసిన బఠాణీలు లారీలోంచి దిగుతున్నాయి, కాయల మీద తడి ఇంకా ఆరలేదు. ఒలిచిన గింజల్ని ముందు సలసల కాగే నీళ్ళలో ముంచి, వెంటనే చల్లటి నీళ్ళలోకి దింపారు.

“ఇలా ముంచకపోతే ఎంత చలిలో పెట్టినా లోపల పాడవుతూనే ఉంటాయిరా. రంగు పోతుంది, ఎండుగడ్డి వాసన వస్తుంది” అంది వదిన.

తరవాత అవి ఒక పొడవాటి గదిలోకి వెళ్ళాయి. అక్కడ కింది నుంచి ఎముకలు కొరికే గాలి వీస్తోంది. ఆ గాలిలో లెక్కలేనన్ని గింజలు, ఒకదానికొకటి అంటుకోకుండా, ఎగురుతూ దొర్లుతూ ముందుకు పోతున్నాయి. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. అవతలి చివర గులకరాళ్ళలా గలగలమని రాలాయి. ఒక గింజను అరచేతిలో పెట్టుకున్నాను. పైనున్న తెల్లటి పొర కరిగిపోయి, అప్పుడే కాయలోంచి తీసినంత పచ్చదనం బయటికొచ్చింది. ఒక పొద్దుటిపూటను ఇలా పట్టి ఆపేయడం మనుషుల వల్ల అవుతుందా అని ఒళ్ళు జలదరించింది. అది చలికేలే అంది వదిన.

“మరి దోసకాయ?” అని అడిగాను, ఊరుకోలేక.

“అది మా వల్ల కాదురా. కరిగాక తడిగుడ్డలా వేలాడుతుంది. టమాటా అయితే కూరలోకి సరే, పచ్చిగా తినలేం. వాటికి మా అమ్మ బుట్టే దిక్కు.”

పోయిన బఠాణీల కాలంలో తల్లీకూతుళ్ళ గొడవ ముదిరింది. సెలవు రోజున వదిన మార్కెట్‌కు వస్తే, అందరూ వింటుండగా మా అత్త మళ్ళీ శవాల మాట ఎత్తింది. వదినకు ఒళ్ళు మండిపోయింది.

“కళ్ళకు గంతలు కట్టుకుని తిను. నీవేవో మావేవో చెప్పు చూద్దాం.”

“చెబితే?”

“ఉద్యోగం మానేస్తా.”

“చెప్పలేకపోతే నీ ఇంటికొచ్చి అవే తింటా, పో!”

ఆ ఉద్యోగమంటే వదినకు ప్రాణం. సంచులు మోసే పనితో మొదలుపెట్టి, ఇప్పుడు ఆ చలిగాలి గది మొత్తాన్ని తనే నడిపిస్తోంది. అయినా వెనక్కి తగ్గలేదు. ఆ తల్లి కూతురే మరి.

టీ కొట్టాయన రెండు గిన్నెలు పొయ్యి మీద పెట్టాడు. ఒకదాంట్లో అత్త బుట్టలోని బఠాణీలు, ఇంకోదాంట్లో వదిన పక్క దుకాణంలో కొనుక్కొచ్చిన ఫ్యాక్టరీవి. “మావి ముందే వేడినీళ్ళు చూసినవి, తొందరగా దించెయ్యండి” అని వదిన చెప్పింది. గంతలకు నా భుజం మీది తువ్వాలు తీశాను. “ఉల్లి కంపురా వెధవా, ఇది కడితే రుచేం తెలుస్తుంది?” అని అత్త తిట్టింది. టీ కొట్టాయనే ఇంకో గుడ్డ ఇచ్చాడు. బేరాలన్నీ ఆపేసి మార్కెట్టంతా మా చుట్టూ మూగింది.

మొదటి గిన్నెలోవి నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది. రెండో గిన్నెలోవి వేసుకుంది. సగంలో నమలడం ఆపింది. మళ్ళీ మొదటివి, మళ్ళీ రెండోవి. తప్పు చెబుతుందేమోనని నాకొక భయం, సరిగ్గా చెబుతుందేమోనని ఇంకో భయం.

“మొదటివి నావి. రెండోవి దీనివి” అంది.

సరిగ్గా చెప్పింది. ఈలలు, చప్పట్లు. “నవనవా, నీ నాలుకకు దండం పెట్టాలి!” అని గుమ్మడికాయలాయన అరిచాడు. వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్త అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గెలిచిందని అందరూ ఒప్పుకున్నారు, ఎవరూ ఏమీ అడగలేదు.

గంతలు విప్పుకుని, “ఎలా చెప్పానో అడగరే?” అంది. చప్పట్లు ఆగాయి. “తీపి చచ్చినవి నావి. పిండి నమిలినట్టున్నాయి. ఎప్పుడో కోస్తే, లారీలో మగ్గి మగ్గి నా బుట్టలోకొచ్చాయి. దీనివి ఇప్పుడే కోసినట్టున్నాయి.”

నవనవలాడుతున్నాయని ఇన్నేళ్ళుగా కేకలేసిన గొంతే అది. కొనేవాళ్ళు ఆ బుట్ట ముందే నిలబడి ఉన్నారు. ఎవరి బలవంతమూ లేకుండా అనేసింది. ఆవిడ నాలుకను చూసి ఆశ్చర్యపోవడం నాకు అలవాటే. ఈ మాటకు మాత్రం నేను తట్టుకోలేకపోయాను, కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఉల్లిపాయలవాణ్ణి కదా, ఎవరూ పట్టించుకోలేదు.

“పందెం పందెమే అమ్మా. గెలిచింది నువ్వు. రేపే మానేస్తా” అంది వదిన.

మా అత్త రెండో గిన్నెను ఒళ్ళోకి లాక్కుని, ఇంకో గుప్పెడు నోట్లో వేసుకుంది.

“మానేసి ఏం చేస్తావే? నా పక్కన కూర్చుని ఈ ముదురు బఠాణీలు అమ్ముతావా?”